జీరో చూపించాం, ఇక మన రక్తం చూపించుకుందాం

బంకుల్లో డ్యూటీ చేసే అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, బండి ఆపి పెట్రోలు పోయించుకునే ప్రతి ఒక్కరికీ,

షిఫ్టులో ఎన్ని వందల సార్లు "జీరో చూడండి సార్" అంటామో లెక్కలేదు. సారు మీటరు వైపు చూస్తారు. మనం ట్యాంకులోకి చూస్తాం. బైకు ట్యాంకులో పెట్రోలు ఎంతవరకు వచ్చిందో కనబడాలంటే వంగక తప్పదు. వంగితే ట్యాంకు మూతికీ మన ముక్కుకీ మధ్య జానెడు దూరం. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో ఆ మూతి దగ్గర గాలి సన్నగా వణుకుతూ కనిపిస్తుంది, గమనించే ఉంటారు. అది పెట్రోలు ఆవిరి. ఖాళీ ట్యాంకు అంటాం గానీ అది ఖాళీగా ఉండదు, నిండా ఆవిరే. లీటరు పెట్రోలు లోపలికి పోతే ఇంచుమించు లీటరు ఆవిరిగాలి బయటికి తన్నుకొస్తుంది. గాలి కంటే బరువు కాబట్టి అది పైకి పోదు, మన చుట్టూనే నేలబారుగా తిరుగుతుంది.

హైవే మీద ఒక బంకులో నేను ఆరేళ్లు నైట్ డ్యూటీ చేశాను. చేరిన వారం వాసనకు తల తిరిగేది, అన్నం సయించేది కాదు. రెండో వారానికి వాసనే తెలియలేదు. "అలవాటు పడ్డావురా" అన్నారు సీనియర్లు. నేనూ సంబరపడ్డాను. అలవాటు పడింది ముక్కు ఒక్కటే. లోపలికి పోయేది పోతూనే ఉంది. తెల్లవారుజామున తలనొప్పి వస్తే నిద్ర చాలక అనుకుని, మెడికల్ షాపులో గోళీ కొని వేసుకునేవాళ్లం. ఆరేళ్లలో మేనేజరు మాకు నిప్పు గురించి చెప్పాడు, దొంగనోట్ల గురించి చెప్పాడు, గల్లాలో పది రూపాయలు తగ్గితే జీతంలో కోత గురించి చెప్పాడు. పీల్చే గాలి గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట మనమే చెప్పుకుందామని ఈ కాగితం.

పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. మన దేశంలో ఇప్పుడు అమ్మే బీఎస్-6 పెట్రోలులో అది 1 శాతం దాటకూడదు. ఒక శాతమే కదా అనిపిస్తుంది. లీటరుకు 10 మిల్లీలీటర్ల వరకు ఉండొచ్చన్నమాట. రోజుకు వేల లీటర్లు పోసే చేతులు మనవి. బెంజీన్ ఊపిరి ద్వారా రక్తంలోకి పోతుంది, చర్మం గుండా కూడా దిగుతుంది. రక్తం తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. బెంజీన్ దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. ఎర్రకణాలు తగ్గితే నీరసం, ఆయాసం. తెల్లకణాలు తగ్గితే మాటిమాటికీ జ్వరాలు. ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ల నుంచి రక్తం, తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. ముదిరితే రక్త క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం బెంజీన్‌ను ఎప్పుడో క్యాన్సర్ కారకమని తేల్చింది. 2025లో అదే విభాగం పెట్రోలునే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. రక్త క్యాన్సర్‌తో పాటు మూత్రాశయ క్యాన్సర్ పేరు కూడా చెప్పింది. మూత్రంలో రక్తం కనిపిస్తే వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకండి.

ట్యాంకర్ లోడు దించే రోజు అన్నింటికంటే చెడ్డది. పైకెక్కి మ్యాన్‌హోల్ మూత తీయగానే ముఖాన కొట్టే ఆ ఊపు ఎక్కినవాడికే తెలుసు. మూత తీసి, ఒక పక్కకు తిరిగి, గాలి మన వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, ఒక నిమిషం ఆగి అప్పుడు డిప్ రాడ్ దించండి. ఆ నిమిషం కోసం తొందరపెట్టే సూపర్‌వైజర్‌కు ఈ కాగితం చూపించండి. చేతుల గ్రీజు పెట్రోలుతో కడుక్కోవద్దు, సబ్బుంది. యూనిఫాం మీద పెట్రోలు ఒలికితే వెంటనే మార్చుకోండి. ఇంటికెళ్లాక దాన్ని పిల్లల బట్టలతో కలిపి నానబెట్టవద్దని మీ ఇంట్లోవాళ్లకు చెప్పండి. బెల్లం ముక్క తింటే లోపలిదంతా పోతుందని మనలో ఒక నమ్మకం. బెల్లం మంచిదే, తినండి. రక్తంలో కలిసినదాన్ని మాత్రం అది బయటికి తేలేదు. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరిని ఆపేది బొగ్గు ఫిల్టరు ఉన్న మాస్కు. అది కొనివ్వాల్సింది యజమాని.

ఇక అసలు సంగతి. ఈ జబ్బు ఇవాళ పీలిస్తే రేపు కనబడేది కాదు, ఏళ్లు పడుతుంది. అప్పటికి మనం రెండు బంకులు మారి ఉంటాం, లేదా ఊరికి పోయి ఆటో నడుపుకుంటూ ఉంటాం. ఫలానా బంకులో పనిచేశానని చూపడానికి చేతిలో చిత్తు కాగితం కూడా ఉండదు. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో ఎంతో కాలంగా ఉన్నాయి. జాబితా ఉంది, కాగితం లేక మనమే అందులో లేం.

అందుకని వచ్చే ఒకటో తారీఖున, జీతం తీసుకునేటప్పుడు, ఒక్కొక్కరు కాకుండా షిఫ్టు మొత్తం కలిసి వెళ్లి మూడు కాగితాలు అడగండి. మొదటిది నియామక పత్రం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అది మన హక్కు. రెండోది ఈఎస్ఐ నంబరు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే బంకులో, 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. 12,000 జీతానికి మన వాటా నెలకు 90 రూపాయలు, యజమాని వాటా 390. ఆ 390 మిగుల్చుకోవడానికి మన పేరు రిజిస్టరులో ఎక్కించని చోట్లు ఉన్నాయి. మూడోది ఏడాదికోసారి సీబీపీ, అంటే రక్తకణాల లెక్క తేల్చే మామూలు పరీక్ష, యజమాని ఖర్చుతో. ఆయన ఒప్పుకునేదాకా ఆగొద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు లేకుండా చేస్తారు. చీటీ రాసేటప్పుడు "పెట్రోలు బంకులో పని" అని డాక్టరు చేత రాయించండి, ఆ మూడు మాటలే రేపటి సాక్ష్యం. రిపోర్టులన్నీ ఒకే కవరులో పెట్టి దాచండి. ఈ ఏటి లెక్క పోయినేటి కంటే తగ్గుతూ వస్తుంటే అప్పుడు తెలుస్తుంది.

కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్లను గన్ దగ్గర నిలబెట్టవద్దు. బెంజీన్ తల్లి నుంచి బిడ్డకు చేరుతుంది. వాళ్లకు క్యాష్ కౌంటర్ పని ఇవ్వమని మిగతావాళ్లే అడగాలి. ఆమె ఒక్కతే అడిగితే ఉద్యోగం పోతుందని భయపడుతుంది.

బయటికి తన్నుకొచ్చే ఆవిరిని గన్ దగ్గరే లాగేసి తిరిగి భూమిలోని ట్యాంకులోకి పంపే ఏర్పాటు ఉంది. పెద్ద నగరాల్లో అమ్మకం ఎక్కువున్న బంకులకు అది తప్పనిసరని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది కూడా. మీ బంకులో బిగించారా? బిగించినది పనిచేస్తోందా, లేక మిషన్ నెమ్మదిస్తోందని ఆపేశారా? మేనేజర్ని అడగండి.

బండి మీద వచ్చే అన్నయ్యా, అక్కయ్యా, మీతో ఒక్క మాట. గన్ టక్కుమని ఆగాక "ఇంకో యాభైది కొట్టు, బండి ఊపి ఫుల్ చెయ్యి" అనకండి. ఆ యాభై రూపాయల పెట్రోలు కోసం ఒక పిల్లవాడు ట్యాంకులో తల పెట్టి చూడాలి. వెనక సీట్లో మీ పాప ఉంటే ఆమె పీల్చేదీ అదే.

తమ్ముడూ, చదివి చింపేయకు. షిఫ్టు మారేటప్పుడు మీటరు రీడింగు, క్యాష్ బ్యాగు అప్పజెబుతావు కదా, వాటితో పాటు ఈ కాగితం కూడా తర్వాతివాడి చేతిలో పెట్టు.