గుండె ఫొటో ఒక్కటే చాలదు

మా పెదనాన్నగారి అబ్బాయికి 26 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఛాతీ నొప్పి అంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తంలో ట్రోపోనిన్ ఎక్కువగా ఉంది. యాంజియోగ్రామ్‌లో అడ్డంకుల్లేవు, ఎకో నార్మల్. వైరస్ వల్ల గుండె కండరం వాచింది, తగ్గిపోతుందన్నారు. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే నొప్పి.

ఈసారి చూసిన డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా?" మా తాతయ్య 41 ఏళ్లకే పొలంలో కుప్పకూలిపోయాడు. మా ఇంట్లో దాన్ని వడదెబ్బ అనే చెప్పుకుంటాం.

తర్వాత ఎమ్మారై తీశారు. అందులో కండరంలో చేరిన నీరు, పాత మచ్చ రెండూ కనిపించాయి. ఆ తర్వాత పెట్ స్కాన్. దానికి ముందురోజు అన్నం, ఇడ్లీ, పండ్లు బంద్. గుడ్లు, మాంసం తిని, ఆపైన ఉపవాసం. ఎందుకంటే చక్కెర అందకపోతే ఆరోగ్యంగా ఉన్న గుండె కండరం కొవ్వుతో నడుస్తుంది. వాపు కణాలు మాత్రం గ్లూకోజ్‌ని వదలవు. అప్పుడు ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్ ఎక్కిస్తే వాపు ఉన్నచోటే వెలుగుతుంది. మన భాషలో చెప్పాలంటే, ముందు నాయిస్ తగ్గించి తర్వాత సిగ్నల్ కొలవడం!

కానీ సార్కాయిడోసిస్‌లోనూ గుండె అలాగే వెలుగుతుంది. ఆ ప్రశ్న అడిగారు కాబట్టే జన్యుపరీక్ష చేశారు. గుండె కణాలను అతికించి ఉంచే డెస్మోప్లాకిన్ జన్యువులో లోపం అన్నయ్యకీ, పెదనాన్నకీ తేలింది.

అందరికీ పెట్ స్కాన్ తీయమని నేననను. ఖర్చుంది, రేడియేషన్ ఉంది. కానీ కుర్రాళ్లకి గుండె వాపు వస్తే, అందులోనూ రెండోసారి వస్తే, మూడు తరాల చరిత్ర అడిగి తీరాలి. దానికి ఒక తెల్లకాగితం చాలు. అడిగినప్పుడు మనమూ దాచకుండా చెప్పాలి.

మన హ్యాకథాన్లలో ఎకో చూసి జబ్బు చెప్పే మోడళ్లు కడుతున్నాం. అన్నయ్య మొదటి ఎకో ఇస్తే అవీ "నార్మల్" అనే అంటాయి. ఇంటి చరిత్రకి ఇన్‌పుట్‌లో ఒక కాలమ్ పెట్టారా?

లెక్క ప్రకారం ఆ లోపం మా నాన్నకి ఉండే అవకాశం 50 శాతం, నాకు 25. అక్క పెళ్లయ్యేదాకా ఈ మాట బయటికి రానివ్వద్దంటోంది అమ్మ. నేను మాత్రం కబడ్డీ టీమ్‌లోంచి తప్పుకున్నా. సెమ్ పరీక్షలవ్వగానే నాన్నని పరీక్షకి తీసుకెళ్తున్నా. తాతయ్య వడదెబ్బ కథ ఇంకో తరం నడవకూడదు.