కోడిపిల్ల చస్తే దేవుని చిత్తమేనా?



మన కైకలూరు చుట్టుపక్కల గ్రామాల్లో ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒక మాట తరచుగా వింటున్నాం. "పాతిక పిల్లల్ని తెచ్చామండీ అయ్యగారూ, వారం తిరక్కుండానే సగం పోయాయి. దేవుని చిత్తం!" ఆ మాట చెప్పేది ఎక్కువగా మన అక్కచెల్లెళ్లే. గుడ్లమ్మిన డబ్బు, పుంజునమ్మిన డబ్బు ఎవరినీ అడగకుండా వాళ్ల చేతిలో ఉండే డబ్బు. పిల్లల పుస్తకాలూ, కోతకాల పండుగలో కానుకా అందులోంచే వస్తాయి. అందుకే ఆ నష్టం చిన్నది కాదు. అయినా దానికి దేవుని చిత్తమని పేరు పెట్టడం సరికాదని మా అభిప్రాయం.

తండ్రికి తెలియకుండా ఒక్క పిచ్చుకైనా నేల రాలదని ప్రభువు చెప్పింది (మత్తయి 10:29) మన భయం తీర్చడానికి. చలిలో వదిలేసిన పిల్లలకు సాకు చెప్పుకోవడానికి కాదు.

నాటు కోడి 21 రోజులు పొదిగి, పిల్లల్ని రెక్కల కింద దాచి తిప్పుతుంది. యెరూషలేమును చూసి ప్రభువు తన్ను తాను పోల్చుకున్నది ఆ తల్లికోడితోనే (మత్తయి 23:37). కానీ ఇప్పుడు మనం ఎక్కువగా తెచ్చుకునే వనరాజా, గ్రామప్రియ పిల్లలు మెషీన్‌లో పొదిగినవి. ఈ రెండు జాతులూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. నాటు కోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి గాని, పొదుగుకు కూర్చోవడం అరుదు. కాబట్టి ఆ పిల్లలకు తల్లి లేదు. తెచ్చుకున్న రోజునుంచి ఆ రెక్కలు మనమే కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు పాతిక కాదు, పది పిల్లలతో మొదలుపెట్టండి. ఒంటిమీద ఈకలు వచ్చేవరకు, అంటే మూడు నాలుగు వారాలపాటు, వాటి ఒంటికి వేడి నిలుపుకునే శక్తి ఉండదు. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకోవచ్చు. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అంతటా తిరుగుతూ మేస్తుంటే సరిపోయినట్టు. కింద పొడి ఊక పరిచి, తడిసినప్పుడల్లా మార్చాలి. నీళ్లు లోతు లేని పళ్లెంలో, నాలుగు గులకరాళ్లు వేసి పెట్టాలి. లేకపోతే పిల్లలు అందులో పడి చస్తాయి. ఉత్త నూకలతో పిల్ల ఎదగదు, మొదటి వారాల్లో స్టార్టర్ దాణా తప్పదు. చేపల చెరువు దగ్గర మిగిలిన మేత బూజు పట్టి ఉంటే, ఊరికే వచ్చినా పెట్టకండి. ఆ బూజే విషం.

ఇదంతా ఎవరింట్లో వాళ్లు చేసుకునే పని. ఒక్క ఇల్లు చేస్తే చాలని పని ఒకటుంది. కొక్కెర తెగులు ఏ దడి దగ్గరా ఆగదు. ఒక పెరట్లో మొదలైతే వీధంతా ఖాళీ అవుతుంది. దానికి టీకా ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా చుక్క కంట్లోగాని ముక్కులోగాని వేయించాలి, నాలుగో వారంలో మళ్లీ వేయించాలి, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది వేయించాలి. కానీ ఒక సీసాలో వందకు పైగా కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. దాన్ని ఐసులో తేవాలి, కలిపిన తర్వాత రెండు గంటల్లోపే వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లు ఒంటరిగా సీసా తెస్తే మిగతాదంతా పారబోయడమే. ఆ లెక్క చూసే చాలామంది మానేస్తున్నారు. పది ఇళ్లు ఒకే వారంలో పిల్లల్ని దింపుకుని, ఒకే రోజు టీకా వేయించుకుంటే ఎవరికీ భారం కాదు. ఇందులో మన సంఘం, పక్క సంఘం, గుడికి వెళ్లే ఇల్లు, మసీదుకి వెళ్లే ఇల్లు అన్న తేడా చూడకండి. తెగులు చూడదు.

మరొక మాట కాస్త కఠినంగానే చెప్పాలి. కోడి తల వాల్చగానే తక్కువ ధరకు అమ్మేయడం, చచ్చినదాన్ని కాలవలో విసిరేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. మన నష్టాన్ని పక్కింటికి పంపడం పొరుగువాణ్ణి ప్రేమించడం అవుతుందా? 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరులో, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో కోళ్ల ఫారాలకు బర్డ్ ఫ్లూ వచ్చినట్టు తేలింది. అవి మనకు దూరపు ఊళ్లు కావు. పైగా మనది కొల్లేరు ఒడ్డు. ఆటపాక గూడబాతుల్ని చూసి సంతోషిద్దాం గాని, ఆ జబ్బును నీటిపక్షులు మోసుకురాగలవని మరచిపోవద్దు. కోళ్లను చెరువు గట్లమీదకు వదలకండి. కొక్కెర తెగులు టీకా బర్డ్ ఫ్లూని ఆపదు. ఒక్కసారిగా నాలుగైదు చనిపోతే చేతులతో తాకకుండా పశువైద్యశాలకు కబురు పెట్టండి. అమ్మవద్దు, వండవద్దు.

ప్రార్థన చేయవద్దని మేము అనడం లేదు. గంప మూసి ప్రార్థించండి, బల్బు వేసి ప్రార్థించండి, టీకా వేయించి ప్రార్థించండి. నీతిమంతుడు తన పశువుల ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం నేర్పుతుంది (12:10). చేయగలిగినదంతా చేసిన తర్వాత కూడా ఒక పిల్ల పోతే, అప్పుడు దేవుని చిత్తమనే మాట నిజాయితీగా మన నోట వస్తుంది.

ఈసారి పిల్లల్ని దింపుకోవాలనుకునేవారు ఆదివారం ఆరాధన తర్వాత ఆగి పేర్లు చెప్పండి. అందరికీ ఒకే రోజు కుదుర్చుకుందాం. ప్రభువు మీ పెరటిని, మీ పొరుగువారి పెరటిని కూడా దీవించును గాక. ఆమేన్.