చేనులో దొరికిన వెండి నాణెం



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు చిన్న గుడ్డ మూట విప్పి చూపించాడు. లోపల వేలిగోరంత పాత వెండి నాణెం. తన వేరుశనగ చేను దున్నుతుంటే మడక సాలులో కనిపించిందట. "అయ్యగారూ, ఫోన్‌లో ఫోటో పెడితే కొనేవాళ్లు ఉన్నారంట. అమ్ముకోవచ్చా?" అని అడిగాడు. వానల్లేక వరుసగా పంట పోగొట్టుకున్న మనిషి. జవాబు తేలిగ్గా నోట రాలేదు.

మన నేలలో ఇవి దొరకడం వింత కాదు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు వచ్చి పాలించారు. బంగారు వరహాలు, వెండి తారాలు ఈ సీమలో చేతులు మారాయి. దండు వస్తోందంటే జనం సొమ్మును కుండలో పెట్టి పూడ్చేవారు.

చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. భూమిలో దొరికిన పాత సొమ్ము విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తెలపకపోతే వాటా పోతుంది, శిక్ష కూడా పడవచ్చు.

"మత్తయి 13:44లో ఆ మనిషి దాచిపెట్టాడు కదా?" అన్నాడు సహోదరుడు. మంచి ప్రశ్నే. కానీ ఆ ఉపమానం పరలోకరాజ్యం కోసం ఉన్నదంతా వదులుకోవడం గురించి. దాచుకోవడానికి అది అనుమతి కాదు. వెండి నాణెం కథ లూకా 15లో ఉంది. ఆ స్త్రీ దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, నాణెం దొరకగానే ఇరుగుపొరుగును పిలిచింది. నలుగురికీ చెప్పుకోగలిగితేనే దొరికింది సంతోషమవుతుంది. చెప్పుకోలేనిది గుండె మీద బరువే.

పాత నాణేలు సేకరించడం పాపమని నేను అనను. అయితే దొంగచాటుగా అమ్మిన నాణెం తన ఊరి పేరు పోగొట్టుకుంటుంది. అది ఏ చేనులో, ఎంత లోతులో దొరికిందో తెలిస్తేనే మన తాతల సంతల గురించి, దారుల గురించి ఏమైనా చెబుతుంది. కొనేవారు ఈ సంగతి అడగాలి.

సోమవారం ఇద్దరం కూర్చుని కలెక్టరుకు అర్జీ రాశాం. ఇక మిగిలింది మన వంతు. ఆకలిగా ఉన్నవాడికి నిజాయితీ బోధించి ఖాళీ చేతులతో పంపితే యాకోబు 2:15-16 మనల్నే నిలదీస్తుంది. ఈ నెల ఆ ఇంటి బియ్యం సంఘం చూసుకోవాలి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.