పేరిన నేల

“ఇంజనీరింగు తెలుగులో చెప్పగలరా, పంతులుగారూ?” అని మొన్న ఒక విద్యార్థి తండ్రిగారు నన్నడిగిరి. చెప్పగలమనియే నా అభిప్రాయము. అయితే మాటల నెన్నుకొనుటలో కొంత శ్రద్ధ కావలెను. వారికి చెప్పిన ఉదాహరణమునే ఇచ్చట వ్రాయుచున్నాను.

భూమి లోతున గనియో సొరంగమో త్రవ్వునపుడు ఇసుకలోని నీరు ఉబికివచ్చినచో త్రవ్విన దంతయు పూడిపోవును. దీనికి జర్మనీ దేశపు గనుల ఇంజనీరు పొయెట్ష్ 1883లో ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. త్రవ్వవలసిన చోటు చుట్టును ఇంచుమించు గజము ఎడమున గొట్టములు దింపి, వానిలో సున్నకు దిగువ 20 మొదలు 30 డిగ్రీల చలిగల కాల్షియం క్లోరైడు ద్రావణమును త్రిప్పుదురు. ఆ ఉప్పునీరు తాను గడ్డకట్టదు; చుట్టునున్న నేలలోని నీటిని గడ్డకట్టించును. ప్రతి గొట్టము చుట్టును ఒక మంచుస్తంభము లావెక్కుచు, కొన్ని వారములకు ప్రక్కదానితో కలిసి గోడ యగును. దాని చాటున త్రవ్వి, కాంక్రీటు పోసికొనిన పిదప యంత్రమును ఆపివేయుదురు. తొందర యున్నచోట సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవనత్రజనిని వాడుదురు. ఖర్చు మాత్రము హెచ్చు.

దీనికి ‘కృత్రిమ భూఘనీభవనము’ అని నామకరణము చేసి ఊరకుండినచో బాలుడు వల్లించును, అంతియే. నేనైతే నేల పేరినదందును. చలికాలమున నేయి పేరుట ఎరుగని తెలుగిల్లు లేదు. మన తెలుగు వీథిలో వినబడకపోయినను వంటింట ఈ మాట ఇంకను బ్రతికియున్నది. పేరినది వేడి తగిలిన కరగుననియు ఆ మాటలోనే యున్నది. పరీక్షలో ఘనీభవనమనియే వ్రాయుడు, వద్దనను. కాని ఆ మాటలో ఈ హెచ్చరిక వినబడదు.

ఆ హెచ్చరిక చిన్నది కాదు. 2003 జూలై 1న చైనాలోని షాంఘై నగరమున, హువాంగ్పు నది చెంత, నాల్గవ మెట్రోమార్గపు జంట సొరంగములను కలుపు అడ్డదారిని ఈ పద్ధతినే త్రవ్వుచుండిరి. చల్లదన మిచ్చు యంత్రము చెడినది. పేరిన నేల మెత్తబడినది. ఇసుకయు నీరును విరుచుకొనిపడగా సొరంగములు కూలినవి, పైనున్న కట్టడములు ఒరిగినవి. ఆ భాగమును మరల కట్టి రైళ్లు నడుపుటకు 2007 డిసెంబరు వరకు పట్టెను.

తండ్రిగారు అంతయు విని, “మరి గొట్టములోని ఉప్పునీ రేల పేరదు?” అనిరి. మంచుముక్కలలో ఉప్పు కలిపి, థర్మామీటరు పెట్టి చూచి రమ్మని వారి అబ్బాయికి పని చెప్పితిని.