చూద్దాంలే అంటే... చూస్తామనా?

ఓ ఆఫీసును ఊహించుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో. అకౌంట్స్‌ సెక్షన్లో ఓ కుర్రాడు పనిచేస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. లెక్కలో రూపాయి తేడా వస్తే అది దొరికేదాకా సీట్లోంచి లేవడు. నాలుగేళ్లలో అతని లెక్కకు వంక పెట్టినవాళ్లు లేరు. ఓరోజు సెలవు అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ‘చూద్దాంలే’ అన్నాడాయన. ఆ మాటకు అర్థమేంటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! కానీ, కుర్రాడు మర్నాడు పొద్దున్నే వెళ్లి ‘చూశారా సార్‌?’ అని అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. మూడోసారి మేనేజరుకు ఒళ్లు మండింది. ‘వేళాకోళంగా ఉందా?’ అని అందరి ముందూ అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తను చేసిన తప్పేంటో మాత్రం కుర్రాడికి అర్థం కాలేదు. ఏడాది చివర అప్రైజల్‌ కాగితంలో పని గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. ‘తీరు మార్చుకోవాలి’ అని ఉంది. ఎలా మార్చుకోవాలో లేదు.

ఆటిజం ఉన్నవాళ్లు ఉద్యోగాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇలాంటిచోటే. పనిలో కాదు, పని చుట్టూ అల్లుకునే చెప్పని మాటల దగ్గర.

ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తొస్తారు. మాటలు ఆలస్యమైన బాబు, స్పీచ్‌ థెరపీ, కంగారుపడే అమ్మానాన్నలు... అంతవరకే. ఆ పిల్లలూ పెద్దవుతారు. చదువుకుంటారు. కొందరు ఉద్యోగాల్లో చేరతారు. తమకున్నదాని పేరేంటో తెలియకుండానే సగం సర్వీసు గడిపేసి, నలభయ్యో ఏట డాక్టరు చెబితే తెలుసుకునేవాళ్లూ ఉన్నారు. అందరిలో ఇది ఒకేలా ఉండదు, కొందరికి జీవితాంతం పక్కన ఒకరు ఉండాల్సిందే. ఉద్యోగం చేయగలిగినవాళ్ల పాట్లు వేరు. పైకి అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి వాళ్ల కష్టాన్ని పొగరనో మొండితనమనో అనుకుంటారు.

ఆశ్చర్యమేంటంటే, వైద్యశాస్త్రం లెక్కలో ఆటిజం మొదటి కేసుగా నమోదైన మనిషే అరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాడు. 1943లో అమెరికాలో లియో కానర్‌ అనే డాక్టరు పదకొండుమంది పిల్లల గురించి ఓ వ్యాసం రాశాడు. అందులో మొదటి పిల్లాడు డోనాల్డ్‌ ట్రిప్లెట్‌. మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్‌ అనే చిన్న ఊరు వాళ్లది. మూడేళ్ల వయసులో డాక్టర్ల సలహా మీద బిడ్డను ఓ సంస్థలో వదిలారు తల్లిదండ్రులు. మనసొప్పక ఏడాది తర్వాత వెనక్కి తెచ్చేసుకున్నారు. ఆ పిల్లాడు 1958లో ఫ్రెంచి చదివి డిగ్రీ తీసుకుని, సొంతూళ్లో బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. ఇరవై ఏడేళ్లకు కారు నడపడం నేర్చుకున్నాడు. గోల్ఫ్‌ ఆడేవాడు. ఒంటరిగా దేశాలు తిరిగొచ్చాడు. పరిచయమైనవాళ్లకు తలా ఓ నంబరు ఇచ్చి, ఎన్నేళ్ల తర్వాత కనిపించినా ఆ నంబరుతోనే పలకరించేవాడు. 2023 జూన్‌లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఇందులో బ్యాంకు గొప్పతనం కొంతే. ఎందుకంటే ఆ బ్యాంకు తల్లి తరఫువాళ్లది. తాతగారి బ్యాంకు అందరికీ ఉండదు కదా! అసలు విశేషం ఊరిది. అతని తీరు ఊరందరికీ తెలుసు. ‘డాన్‌ అంతేలే’ అనుకుని ఊరుకునేవారు. ఓసారి ఇద్దరు పాత్రికేయులు అతని గురించి రాయడానికి వెళ్తే, అతనికేమైనా ఇబ్బంది కలిగిస్తే ఊరుకునేది లేదని ఊళ్లోవాళ్లు ముందే హెచ్చరించారట.

ఊరు, చుట్టం, సొంత బ్యాంకు... ఏవీ లేనివాళ్ల సంగతి? టెంపుల్‌ గ్రాండిన్‌ కథ వాళ్లకు దగ్గరగా ఉంటుంది. 1947లో పుట్టిన గ్రాండిన్‌కు మూడున్నరేళ్లు దాటేదాకా మాటలు రాలేదు. పెద్దయ్యాక పశువుల కొట్టాలకు, వాటిని బెదరకుండా నడిపించే దారులకు డిజైన్లు గీయడం వృత్తిగా ఎంచుకుంది. 1970ల నాటి అమెరికా పశువుల దొడ్లు పూర్తిగా మగవాళ్ల రాజ్యం. అక్కడ ఆడమనిషి, అందులోనూ ఎదుటివాళ్ల మొహం చూసి మనసు పట్టుకోలేని మనిషి. కబుర్లు చెప్పి పని సంపాదించడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు. అందుకే నోరు విప్పేముందు గీసిన బొమ్మలు బల్లమీద పరిచేది. వాటిని చూశాక ఎదుటివాళ్లు ఆమె మాటతీరు సంగతి మర్చిపోయేవారు.

అయినా తిప్పలు తప్పలేదు. ఓసారి ఓ వెల్డరు చేసిన పని చూసి పావురం రెట్టలా ఉందని మొహమ్మీదే అనేసింది. ప్లాంటు ఇంజినీరు ఆమెను పక్కకు పిలిచి, అలా అనకూడదని, వెళ్లి క్షమాపణ అడగమని చెప్పాడు. వెళ్లి అడిగింది. ఇంకోసారి ఓ బాస్‌ డియోడరెంట్‌ డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, ‘వాసనొస్తోంది, వాడు’ అన్నాడు. మనలో ఎవరికైనా ఆ మాట జన్మలో మానని గాయం. ఆమె మాత్రం ఆ బాస్‌ మేలు చేశాడనే ఇప్పటికీ చెబుతుంది. చాటుగా ముక్కు మూసుకుని, ఏడాది చివర ఏదో వంకతో పంపించేస్తే ఆమెకు కారణమే తెలిసేది కాదు.

ఇలా విడమరచి చెప్పే మనిషి ఒక్కరు దొరకడం మీదే చాలామంది ఉద్యోగం నిలబడుతుంది, లేదా పోతుంది. మన దగ్గర అది మరీ కష్టం. సూటిగా చెప్పకపోవడమే మనకు మర్యాద. ‘తొందరేం లేదు, తీరిగ్గా చేయండి’ అంటారు. సాయంత్రానికల్లా కావాలని దానర్థం. ‘భోంచేశారా?’ అని అడిగేది పలకరింపుకే. దానికి అన్నం, పప్పు, దొండకాయ వేపుడు అంటూ మొత్తం చెప్పుకొస్తే నవ్వుతారు. ‘రెండు ముక్కల్లో చెప్పు’ అంటే ఎన్ని ముక్కలో ఎవరికి తెలుసు!

డేమియన్‌ మిల్టన్‌ అని బ్రిటన్‌లో ఓ పరిశోధకుడున్నారు. ఆయనకూ ఆటిజం ఉంది. అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే ఉండదని, ఆటిజం లేనివాళ్లూ ఉన్నవాళ్లను అంతే తప్పుగా చదువుతారని 2012లో రాశారు. ‘చూశారా సార్‌?’ అన్న మాటలో వేళాకోళం విన్న మేనేజరు గుర్తున్నాడా?

మాటల సంగతి అలా ఉంచితే, ఒంటి బాధ ఇంకొకటి. ట్యూబ్‌లైటు రెపరెపలు, ఏసీ హోరు, పక్క సీటాయన ఫోన్లో సినిమా పాట, మధ్యాహ్నం పది క్యారియర్లు ఒక్కసారి తెరిచినప్పటి వాసన... మిగతావాళ్ల మెదడు వీటిని పక్కన పెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి అన్నీ ఒకే జోరుతో వచ్చి మీద పడతాయి. వాటిని భరిస్తూ, మొహాన నవ్వు తెచ్చుకుని, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలో లోపల లెక్కపెట్టుకుంటూ, అందరిలా కనిపించడానికి ఎనిమిది గంటలూ ప్రయత్నించాలి. ఆ నటనకు జీతం ఉండదు. ఇంటికొచ్చాక లైటు తీసేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటే ‘ఆఫీసులో అందరితో బాగానే ఉంటావు, ఇంట్లోనే ఈ మొహం’ అని అమ్మ నొచ్చుకుంటుంది. ఏళ్లతరబడి ఇదే సాగితే ఓరోజు పొద్దున మంచం దిగడమే చేతకాదు. గ్రాండిన్‌ కూడా యుక్తవయసు నుంచీ విడవని భయంతో సతమతమైంది. ముప్పై దాటాక డాక్టరిచ్చిన మందు కొద్ది మోతాదులో వాడితే ఆ భయం అదుపులోకి వచ్చింది. ఆ మందు భయానికే. ఆటిజానికి మందు లేదు.

నెట్టుకొస్తున్నవాళ్లు చేసే పనులు చూస్తే చాలా మామూలుగా ఉంటాయి. గోడవైపు సీటు అడిగి తీసుకోవడం. చెవులకు హెడ్‌ఫోన్లు. భోజనాల వేళ క్యాంటీన్‌ వదిలేసి మెట్లమీద పది నిమిషాలు ఒంటరిగా కూర్చోవడం. ‘ఎప్పటికి కావాలి సార్‌? ఎన్ని పేజీలు?’ అని ప్రతిసారీ అడగడం. నోటితో చెప్పిన పనిని తామే మెయిల్‌లో రాసి ‘ఇదే కదా?’ అని పంపడం. ఇవేవీ కంపెనీకి రూపాయి ఖర్చు పెట్టించేవి కావు.

మరి విషయం ఆఫీసులో చెప్పేయొచ్చుగా? అక్కడే అందరూ ఆగిపోయేది. చెబితే ప్రమోషన్‌ పోతుందని భయం. మన ఊళ్లలో ఆఫీసులో చెప్పిన మాట ఆఫీసులోనే ఆగదు. చెల్లెలి సంబంధం దాకా వెళ్తుంది. అందుకే పేరు చెప్పకుండా ‘చప్పుడుంటే పని సాగదు సార్‌’ అని అవసరం మాత్రం చెప్పుకొంటారు.

చట్టం మాత్రం కొంత దూరం వచ్చింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం ఇరవయ్యొక్క రకాల వైకల్యాల్లో దాన్నీ చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్లో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లందరికీ కలిపి. ఇరవై మందికి పైగా పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా ఇలాంటి ఉద్యోగులకు ఏమేం సదుపాయాలిస్తుందో కాగితం మీద పెట్టాలి. కానీ, ఇవన్నీ సర్టిఫికెట్‌ చేతికొచ్చినవాళ్లకు. ముప్పయ్యేళ్లు పేరే తెలియకుండా గడిపిన మనిషికి ఆ సర్టిఫికెట్‌ సంపాదించడమే పెద్ద ఉద్యోగం. బ్రిటన్‌లో 2024లో వచ్చిన ప్రభుత్వ సమీక్ష కూడా, పనిచేసే వయసులో ఉన్న ఆటిజం వ్యక్తుల్లో ఉద్యోగం ఉన్నది పదిమందిలో సుమారు ముగ్గురికేనని తేల్చింది.

మళ్లీ మన అకౌంట్స్‌ సెక్షన్‌కు వద్దాం. మేనేజరు అరిచి వెళ్లాక, పక్క సీట్లోని సీనియర్‌ మేడమ్‌ కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకొని ‘బాబూ, చూద్దాంలే అంటే కుదరదని. ఈసారి తేదీలు రాసి మెయిల్‌ పెట్టు, ఆయన అవుననో కాదనో రాసి తీరాలి’ అందనుకోండి. కుర్రాడు జేబులోంచి చిన్న డైరీ తీస్తాడు. ‘చూద్దాంలే... కుదరదు’ అని రాసుకుంటాడు. పెన్ను మూత పెట్టకుండా, ‘మేడమ్‌, మరి ఆలోచిద్దాం అంటే?’ అని అడుగుతాడు.