పాటకూ టీసీ కావాలి

కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఇప్పుడు పాటకు హార్మోనియం, ఢోలక్ ఉంటే సరిపోవడం లేదు. వార్షికోత్సవ నృత్యానికి నేపథ్య సంగీతం కావాలి. 2015లో మొదలైన కళా ఉత్సవ్‌కు సాధన చేసేటప్పుడు రికార్డింగు కావాలి. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద తెలంగాణకు హరియాణా, ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ జోడీ రాష్ట్రాలు కాబట్టి అక్కడి పిల్లలకు తెలుగు పాట నేర్పి, దాన్ని భద్రపరచాలి. ఈ పనులకు సంగీత ఉపాధ్యాయులతో పాటు మా వంటి భాషా ఉపాధ్యాయులమూ కంప్యూటర్ ల్యాబులో కూర్చుంటున్నాం. ఏ ఊరికి బదిలీ అయినా ఈ పని మా వెంటే వస్తోంది. అందుకే సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్ల గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు మాకూ ఉందనుకుంటున్నాం.

వీటి వల్ల కలిగిన మేలును మేము కాదనడం లేదు. ఒకప్పుడు స్టూడియో అద్దెకు తీసుకుంటే తప్ప కుదరని పని నేడు ల్యాబులోని పాత కంప్యూటర్ మీద జరుగుతోంది. ఆడాసిటీ, ఎల్‌ఎంఎంఎస్ వంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. మా అభ్యంతరం ఒక్కటే. రూపకల్పనలోని లోపం వల్ల పని చెడినా నింద మాత్రం పిల్లల మీద పడుతోంది. ‘నీకు వాడటం రాలేదు’ అని తేల్చేస్తున్నాం. చాలాసార్లు తయారుచేసినవారికే వాడేవారి సంగతి తెలియలేదని గుర్తించడం లేదు.

ముందు చిన్న విషయం చూద్దాం. పిల్లవాడు ‘సేవ్’ నొక్కుతాడు. పాట భద్రంగా ఉందనుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి వెళ్తాడు. అక్కడ తెరిస్తే ఫైల్ దొరకలేదని తెర మీద రాతలు! ఎందుకంటే అతను తీసుకెళ్లింది పాటను కాదు, పాట ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే చిట్టాను మాత్రమే. ముక్కలు ల్యాబులోనే ఉండిపోయాయి. పాటగా వినాలంటే ఒక సాఫ్ట్‌వేర్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ అనాలి, ఇంకొకదానిలో ‘రెండర్’ అనాలి, మరొకదానిలో ‘బౌన్స్’ అనాలి. ఒకే పనికి మూడు పేర్లు పెడితే పిల్లలు ఏ పేరని గుర్తుపెట్టుకుంటారు?

తెర సంగతీ అంతే. పాతకాలపు స్టూడియో బల్లను బొమ్మగా గీసి పెట్టారు. గుండ్రటి మీటలు, ఎర్ర దీపాలు, ముల్లు ఊగే మీటర్లు కనిపిస్తాయి. చేత్తో తిప్పడానికి పుట్టిన మీటను మౌస్‌తో ఎలా తిప్పాలి? గుండ్రంగానా, పైకీ కిందికీనా? ఒక్కోదాంట్లో ఒక్కో పద్ధతి. హార్మోనియం ముందు కూర్చున్న పిల్లకు మెట్టు నొక్కితే స్వరం పలుకుతుందని క్షణంలో తెలుస్తుంది. ఇక్కడ మొదటి స్వరం పలికించేలోపు పీరియడ్ గంట కొడుతుంది.

ఇవి విసుగు పుట్టించే లోపాలు. ఓపిక పడితే దాటవచ్చు. అసలు బాధ తాళం దగ్గర, స్వరం దగ్గర ఉంది.

కొత్త ప్రాజెక్టు తెరవగానే చాలా సాఫ్ట్‌వేర్లు నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి దెబ్బల గళ్లు తామే పరుస్తాయి. ఆది తాళంలోనూ ఎనిమిది అక్షరాలే కదా, రెండు గళ్లు కలిపితే సరిపోదా అని అడగవచ్చు. లెక్కకు సరిపోతుంది. కానీ ఆ ఎనిమిదీ నాలుగు, రెండు, రెండుగా విడివడతాయి. లఘువు ఎక్కడ ముగిసిందో, ద్రుతం ఎక్కడ మొదలైందో చేతికి తెలుస్తుంది గాని ఆ గళ్లకు తెలియదు. మిశ్ర చాపు మూడూ నాలుగూ కలిసిన ఏడు. దానికి గళ్లను మార్చుకునే వీలు ఉంది, కాని అది ఏ మెనూ అడుగునో దాగి ఉంటుంది. కోలాటం పాట నెమ్మదిగా మొదలై, అడుగులు వేడెక్కేకొద్దీ వేగం పుంజుకుంటుంది. గళ్ల దృష్టిలో ఆ వేగం పొరపాటు. ‘సరిచేయమంటారా?’ అన్నట్టు దెబ్బలన్నీ గీతల మీదికి లాగేస్తుంది. సరిచేశాక తాళం మిగులుతుంది, ఆటలోని ఊపు పోతుంది.

స్వరం సంగతి ఇంకా సున్నితమైనది. కంప్యూటర్లు, కీబోర్డులు మాట్లాడుకునే ‘మిడి’ భాషలో స్వరస్థానాలకు 0 నుంచి 127 వరకు అంకెలు ఉంటాయి. రెండు అంకెల మధ్య జారడానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి. మన సంగీతంలో ఆ జారుడే ప్రాణం. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊగడమే తోడి. గొంతులోని శ్రుతిని సరిదిద్దే ఆటో-ట్యూన్‌ను 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ తెచ్చారు. అంతకుముందు ఆయన చమురు అన్వేషణ కోసం భూమిలోని తరంగాలను విశ్లేషించే పనిలో ఉండేవారు. అది గొప్ప పరిజ్ఞానమే. కానీ ఆ తరహా పరికరాలను బిగించి వాడితే గమకాన్ని దోషంగా లెక్కగట్టి చదును చేసేస్తాయి.

మేము పనిచేసిన ఒక పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్ల తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్న జోలపాట పాడింది. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆ పిల్ల అప్పటికే నాలుగు ఊళ్లు మారింది. రికార్డు చేసి శ్రుతి సరిచేసే మీట నొక్కగానే పాటలోని జారుళ్లన్నీ మెట్లుమెట్లుగా మారిపోయాయి. ఆ పిల్ల కాసేపు విని, “మేడమ్, మా నాయనమ్మ తప్పు పాడేదా?” అని అడిగింది. ఊరు మారినా, బడి మారినా, స్నేహితులు మారినా వెంట వచ్చిన పాట అది. దాన్ని ఒక మీట తప్పని చెప్పింది. మీ నాయనమ్మ పాడిందే సరి, ఈ యంత్రానికి ఇంకా ఆ పాట రాలేదు అని చెప్పాం. కానీ అలా చెప్పేవారు పక్కన లేని పిల్లల సంగతేమిటి? వాళ్లు యంత్రం మాటే నమ్ముతారు. మేము భయపడేది దీనికే.

బదిలీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పాఠశాల మారే ప్రతి విద్యార్థికీ టీసీ ఇస్తాం. అది చూపిస్తే దేశంలో ఎక్కడైనా తరగతిలో కూర్చోబెడతారు. పాటకు మాత్రం టీసీ లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టు ఇంకొకదానిలో తెరుచుకోదు. అదే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉన్నా తెరుచుకోకపోవచ్చు. నెలనెలా చందా కట్టే రకమైతే, చందా ఆగిన రోజున మన పాటే మనకు పరాయిదవుతుంది.

కుదరదా అంటే, కుదిరిన ఉదాహరణ ఉంది. 1983కు ముందు ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ కీబోర్డుతో మాట్లాడేది కాదు. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపాన్‌కు చెందిన ఇకుతారో కకేహాషి పోటీదారులై ఉండి కూడా ముందుకొచ్చి, ఇతర కంపెనీలతో కలిసి ‘మిడి’ని ఉమ్మడి భాషగా నిలబెట్టారు. నలభై ఏళ్లు దాటినా అది నడుస్తోంది. ఆ కృషికి 2013లో వారిద్దరికీ సాంకేతిక గ్రామీ పురస్కారం దక్కింది. ప్రాజెక్టులను మార్చుకోవడానికి బిట్‌విగ్, ప్రీసోనస్ సంస్థలు 2023లో ఒక ఉమ్మడి ఫైల్ పద్ధతిని విడుదల చేశాయి. మిగతావారూ ఆ దారికి రావాలి.

ఈ సాఫ్ట్‌వేర్లు వేరే దేశాల సంగీతం కోసం పుట్టినవి, వాటిని తప్పుపట్టడం ఎందుకు అని కొందరంటారు. పుట్టింది ఎక్కడైనా వాడుతున్నది మన పిల్లలు. వయొలిన్ కూడా పడమటి నుంచే వచ్చింది. మనవారు కింద కూర్చుని, దాని తలను పాదం మీద ఆనించి, శ్రుతి మార్చి, గమకం పలికించారు. వయొలిన్ అందుకు ఒప్పుకుంది, ఎందుకంటే దాని మీద గళ్లు లేవు. మంచి పరికరం వాడేవాడి చేతికి లొంగాలి.

అంతవరకు మన బడుల్లో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒక పాటకు ఒక ఫోల్డర్ పెట్టి, ముక్కలన్నీ అందులోనే ఉంచాలి. పని ముగిసిన రోజే ప్రతి గొంతునూ, ప్రతి వాద్యాన్నీ విడివిడిగా వేవ్ ఫైళ్లుగా తీసిపెట్టాలి. అయిదు నిమిషాల స్టీరియో పాట సీడీ నాణ్యతలో సుమారు 53 ఎంబీ మాత్రమే. ప్రస్తుతానికి అదే పాటకు టీసీ. రికార్డింగుకు బ్లూటూత్ కాకుండా తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడితే ఆలస్యం తగ్గుతుంది. మెట్రోనోమ్ ఆపి, పిల్లల చేతే తాళం వేయించి ముందుగా దాన్నే రికార్డు చేస్తే, గళ్ల అవసరం లేకుండా పాట దాని మీద నిలుస్తుంది. శ్రుతి సరిచేసే మీట జోలికి పోయేముందు ఆ పాట వచ్చిన పెద్దవాళ్లకు వినిపించాలి.

పిల్లలూ, మీలో కొందరు రేపు ఇంజనీర్లు అవుతారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాస్తారు. కొత్త ప్రాజెక్టు తెరవగానే ‘ఏ తాళం?’ అని అడిగే తెరను, గమకాన్ని గమకంగా గుర్తించే పరికరాన్ని, ‘భద్రపరచు’ అని తెలుగులో రాసి ఉన్న మీటను మీ నుంచి ఆశిస్తున్నాం. అప్పటిదాకా యంత్రం తప్పన్న ప్రతిదీ తప్పని మాత్రం అనుకోకండి.