అంకె చిన్నది.. గాయం పెద్దది

ముత్తుకూరు: కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైన నాటి నుంచి ముత్తుకూరు తీరం భారీ నిర్మాణాలకు నెలవుగా మారింది. 2022లో మూడో యూనిట్‌ను జాతికి అంకితం చేయడంతో నేలటూరులోని జెన్‌కో దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రం సామర్థ్యం 2,400 మెగావాట్లకు చేరింది. ఇటువంటి పనులు జరిగే చోట్ల గేటు వద్ద ‘ప్రమాద రహిత దినాలు’ అనే బోర్డు సాధారణం. శ్రామికుని భద్రతను ఆ ఒక్క అంకె తేల్చగలదా?

భారతీయ ప్రమాణాల సంస్థ 1983 నాటి ఐఎస్ 3786లో రెండు కొలతలు నిర్దేశించింది. పది లక్షల పనిగంటలకు పని మాన్పించిన గాయాలెన్ని అన్నది పౌనఃపున్య రేటు. అన్ని గంటలకే పోయిన పనిదినాలెన్ని అన్నది తీవ్రత రేటు. మరణానికి, శాశ్వత సంపూర్ణ వైకల్యానికి 6,000 దినాల నష్టం కడతారు.

200 మంది రోజుకు 8 గంటల వంతున 300 రోజులు పనిచేస్తే 4.8 లక్షల గంటలు. ఒకచోట పది మందికి కాలు బెణికి, తలా మూడు దినాలు పని పోయిందనుకుందాం. పౌనఃపున్యం సుమారు 21, తీవ్రత 62.5. అంతే పని జరిగిన మరోచోట పరంజాపై నుంచి పడి ఒకరు మరణించారనుకుందాం. పౌనఃపున్యం 2 మాత్రమే, తీవ్రత 12,500. మొదటి రేటునే ప్రకటిస్తే, మనిషి ప్రాణం పోయిన చోటే పది రెట్లు భద్రమని నమ్మవలసి వస్తుంది! పైగా అమెరికా లెక్క రెండు లక్షల గంటలకే గనుక, ఏ గంటలకో చెప్పని అంకెకు విలువ లేదు.

ఆ 6,000 సైతం ఏడాదికి 300 దినాల వంతున ఇరవై ఏళ్ల పని మాత్రమే. ఇరవై రెండేళ్ల యువకుడు మరణిస్తే ఆ కుటుంబం కోల్పోయేది అంతకు రెట్టింపు.

అసలు చిక్కు లెక్కకు ముందే ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం, 48 గంటలు లేదా అంతకు మించి పనికి దూరం చేసిన గాయాన్ని అధికారులకు తెలపాలి. గాయపడిన వానిని మరునాడే రప్పించి, హాజరు వేసి, నీడపట్టున కూర్చోబెడితే? మేస్త్రీ చేతిలో కొంత సొమ్ము పెట్టి స్వగ్రామానికి రైలెక్కిస్తే? కాంట్రాక్టు కూలీల గంటలు లెక్కలో చేరతాయి, గాయాలు చేరవు. రేటు దానంతట అదే తగ్గుతుంది.

కనుక తనిఖీకి వచ్చే అధికారి బోర్డు చూసి వెనుదిరగరాదు. ప్రథమ చికిత్స రిజిస్టరును, కాంట్రాక్టరు హాజరు పట్టీని పక్కపక్కనే తెరిపించి, కట్టు కట్టించుకున్న పేర్లు ఆ తర్వాతి వారం పనిలో ఉన్నాయో లేవో చూడవలసి ఉంది.